కుడివైపు రెండు రంధ్రాలు

జులై 3

ప్రియమైన మరిదికి,

వదిన రాస్తున్నది. క్షేమమని రాయడం అలవాటు కాబట్టి క్షేమమే. అత్తయ్యా నేనూ వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం.

నువ్వు వ్యానులో పంపిన పడవ మొన్న చేరింది. వ్యాను అతను దాన్ని వరండాలో దించి "ఎక్కడ పెట్టమంటారమ్మా?" అన్నాడు. అంత పొడుగు వస్తువు మన ఇంట్లో ఎక్కడ పడుతుంది? చివరికి మీ అన్న బోర్డులు రాసుకునే గదిలో గోడకు ఏటవాలుగా నిలబెట్టించాను. కొస పైకప్పుకు తగులుతోంది. దానికి అంటించిన నీ చీటీ చూశాను. "మరమ్మతు అయింది. ఎండలో పెట్టవద్దు." ఎనిమిది నెలలు నీ దగ్గర ఉంచుకుని రాసింది నాలుగు మాటలు. మీ అన్న నిన్ను మూగరేడియో అన్నది ఊరికే కాదు.

ఇప్పుడు నా సంగతి. ఆ కయాక్ నడపడం నాకు నేర్పు. నడపడమే కాదు, అందులో కూర్చుని గాలం వేయడం కూడా. ఫోనులో అడుగుదామనుకున్నాను. ఫోనులో నువ్వు "ఆఁ" అంటావు, మళ్ళీ "ఆఁ" అంటావు, తర్వాత సిగ్నల్ పోయిందంటావు. పోయేది సిగ్నల్ కాదు, నీ మాట. రాతలో నువ్వు కొంచెం నయమని అడుగుతున్నాను.

ఎందుకని అడుగుతావేమో. అడగవులే, నేనే చెబుతాను. మీ అన్న పోయిన నవంబరు నుంచి నాకు ఏమీ అనిపించడం లేదు. జనం ముందు ఏడుపు రాలేదు సరే, ఎవరూ లేనప్పుడూ రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుంది, గిల్లితే ఎవరిదో చెంపలాగా? ఒళ్ళంతా అలా ఉంది. ఆస్పత్రి లినెన్ గదికి వెళ్తాను, దుప్పట్లు మడతపెడతాను, చిరిగినవి కుడతాను, వస్తాను. మూడేళ్ళపాటు ప్రతి ఆదివారం మీరిద్దరూ వెళ్ళిన ఆ ఏటి మలుపు నీళ్ళ మీద నుంచి ఎలా ఉంటుందో నేను ఒక్కసారీ చూడలేదు. చూడాలి.

అత్తయ్యకు చెప్పాను. "నీళ్ళకి ఒకణ్ణి ఇచ్చాం, చాలదా? యాభై రెండేళ్ళకి పడవ మోజేమిటే?" అంది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

ఆ రోజు సంగతి నేనిప్పుడు అడగడం లేదు. నేర్పితే చాలు.

మీ వదిన


జులై 11

ప్రియమైన వదినగారికి,

ఉత్తరం అందింది. నేను బాగానే ఉన్నాను. ఇక్కడి కోల్డ్ స్టోరేజీలో నాలుగు గదులు. రెండు గంటలకోసారి ఒక్కో గదిలోకి వెళ్ళి ఎంత చల్లగా ఉందో పుస్తకంలో రాయాలి. ఈ ఉదయం మొదటి గది మైనస్ పద్దెనిమిది, రెండోది మైనస్ పదిహేడున్నర. రెండు జతల తొడుగులు వేసుకున్నా సాయంత్రానికి వేళ్ళు నావి కావు. కొత్త ఊరు అలవాటవుతోంది.

పడవ వద్దని రాద్దామని కూర్చున్నాను. నాలుగు రోజులు ఆ ఒక్క మాటా రాయలేకపోయాను. వద్దంటే మానే మనిషి కారు మీరు. తెలియనివాళ్ళ దగ్గర తప్పుగా నేర్చుకోవడం కంటే ఇది మేలని రాస్తున్నాను.

ముందు లైఫ్ జాకెట్. మీకు ఈత వచ్చని అన్న చెప్పేవాడు. వచ్చినా సరే. పక్కన పెట్టుకోవడం కాదు, వేసుకోవాలి. వేసుకోవడం కాదు, జిప్పు పైదాకా లాగి పట్టీలు బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా లేస్తే అది మీ కొలత కాదు.

ఏటికి వద్దు. రిజర్వాయరులో ఇసుక ఉన్నవైపు, నడుములోతు నీళ్ళలో మొదలుపెట్టండి. ఒంటరిగా వద్దు. మీది పైన కూర్చునే రకం కయాక్, లోపల దూరి ఇరుక్కునేది కాదు. అది మంచిది. పడవ తిరగబడినా మనిషి బయటే ఉంటాడు.

కూర్చోగానే ఊగుతుంది. ఊగడం దాని తప్పు కాదు. కొంతవరకు ఊగి, ఆ తర్వాత ఒకచోట ఆగి పట్టుకుంటుంది. ఆ పట్టు ఎక్కడుందో మీ ఒంటికి తెలియాలి. నడుము కిందిభాగం పడవతో పాటు కదలనివ్వండి, పైభాగం నిటారుగా ఉంచండి. భయపడి బిగుసుకుంటే మనిషీ పడవా ఒకే కర్రలాగా అయిపోతారు. కర్ర పడిపోతుంది. తల ఎప్పుడూ పడవ మీదే ఉండాలి. తల అంచు దాటిందంటే మిగతాది వెనకే వస్తుంది.

సామాను ఏదైనా కిందనే, మధ్యలోనే పెట్టి కట్టేయండి.

ఇవన్నీ కాదు అసలు పాఠం. కావాలని పడండి. పడవను తిరగేసుకుని, మళ్ళీ సరిచేసి, ఎక్కండి. అవతలి అంచు అందుకుని, కాళ్ళు ఈతలోలాగా కొడుతూ, పొట్ట మీద పాకినట్టు పడవకు అడ్డంగా రండి. తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చోండి. చేతుల బలంతో పైకి లేవాలని చూస్తే పడవ మీ మీదకే వస్తుంది. పదిసార్లు చేయాలి. పదిసార్లూ ఎక్కగలిగితేనే గాలం సంగతి.

అమ్మకు నా నమస్కారం.

మీ మరిది


జులై 24

ప్రియమైన మరిదికి,

నీ చేత ఇంత రాయించానంటే నాకు ఏదో ఒక బిరుదు ఇవ్వాలి. అత్తయ్యకు చదివి వినిపించాను. "వాడికి ఇన్ని మాటలు వచ్చా? మన ఇంట్లో తిన్నన్నాళ్ళూ 'చాలమ్మా' తప్ప అనలేదే" అంది.

తోడుకు మా ఇస్త్రీ అక్కను తీసుకెళ్ళాను. లినెన్ గదిలో నా బల్ల పక్కనే ఆవిడ బల్ల. నీళ్ళ పక్కన పుట్టి పెరిగిన మనిషి, ఈత బాగా వచ్చు. పడవను మోయడానికి ఆవిడ తమ్ముడి ట్రాలీ అడిగాం. ఇసుకలో దాన్ని లాగేసరికే ఇద్దరికీ సగం ప్రాణం పోయింది.

మొదటిరోజు నేను పడవ ఎక్కలేదు, పడవే నన్ను ఎక్కింది. అవతలి అంచు అందుకోమన్నావు, అందుకున్నాను. కాళ్ళు కొట్టమన్నావు, కొట్టాను. కానీ చేతులతో లేవొద్దన్న మాట మరిచిపోయాను. అది బోర్లా తిరిగి నెత్తి మీద టోపీలాగా కూర్చుంది. ఇస్త్రీ అక్క గట్టు మీద నిలబడి "ఏమ్మా, లోపల ఇల్లు బాగుందా, అద్దెకిస్తారా?" అంటోంది. ఆ చీకట్లో, ఆ ప్లాస్టిక్ కింద, నా ఊపిరి నాకే వినిపించింది. భయం వేయాలి కదా. వేయలేదు. బయటికి రావాలని తోచింది, వచ్చాను.

రెండో ఆదివారం ఎక్కగలిగాను. తొడ మీద అరచేయంత నల్లమచ్చ. మొత్తం నాలుగుసార్లు ఎక్కాను. నువ్వన్న ఆ పట్టు ఎక్కడుందో మాత్రం తెలిసింది. ఊగి ఊగి ఒకచోట ఆగుతుంది, నిజమే. అక్కడ కాసేపు ఊరికే కూర్చున్నాను. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని ఆకాశం చూడాలనుకున్నాను కానీ, తల అంచు దాటకూడదన్నావని ముందుకే చూశాను.

ఇంటికొచ్చాక అత్తయ్య తడిబట్టలు చూసి తువ్వాలు విసిరింది. విసరడం అంటే మొహానికి తగిలేలా.

గాలం కర్ర పడవలో ఎక్కడ పెట్టాలి? చేప పడితే ఏం చేయాలి? నీళ్ళలో తెడ్డు జారిపోతే ఎలా?

మీ వదిన


ఆగస్టు 2

ప్రియమైన వదినగారికి,

పదిసార్లు అన్నాను. మీరు నాలుగని రాశారు. మిగతా ఆరు కూడా చేయండి. రెండు ఎడమవైపు నుంచి, అలవాటు లేని వైపు. అలసిపోయాక చేసినవే లెక్కలోకి వస్తాయి. ఎందుకంటే నిజంగా పడినప్పుడు మనిషి అలసిపోయే ఉంటాడు.

తెడ్డుకు పొట్టి తాడు కట్టి పడవకు తగిలించండి. పొట్టిదే. పొడుగైతే కాళ్ళకు చుట్టుకుంటుంది. గాలం కర్ర వాడనప్పుడు వెనక గొట్టంలో నిలబెట్టండి. కొక్కేలు డబ్బాలో పెట్టి మూత వేయండి. ఒళ్ళో పెట్టుకోవద్దు.

చేప పడితే దాని వైపు వంగవద్దు. అందరూ చేసే తప్పు ఇదే. దాన్ని మీ పక్కకు, పడవ పొడవునా రానివ్వాలి. చిన్న వల కింద పెట్టి ఎత్తాలి. అప్పుడు రెండో చేయి తెడ్డు మీద ఉండాలి. తెడ్డును నీటి మీద బల్లపరుపుగా ఆనిస్తే అది మూడో కాలు. చేప పోతే పోనివ్వండి. లేచి నిలబడి గాలం వేసేవాళ్ళను చూస్తారు, మీరు చేయవద్దు.

బట్టలు ఎండకు తగ్గట్టు కాదు, నీటికి తగ్గట్టు వేసుకోవాలి. నీరు చల్లగా ఉంటే ముందు ఊపిరి తన్నుకొస్తుంది, తర్వాత వేళ్ళు పోతాయి. వేళ్ళు పోతే ముడి విప్పలేరు, పట్టీ తీయలేరు. మెదడు చెబుతూనే ఉంటుంది, చేయి వినదు. ఈ గదుల్లో నాకు రోజూ అదే.

వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి, తిరిగొచ్చేటప్పుడు గాలి మీ వెనక ఉంటుంది. ఎన్నింటికి వస్తారో గట్టు మీద ఒకరికి చెప్పి వెళ్ళండి. జాకెట్‌కు ఈల కట్టుకోండి. ఎదర ఎడమవైపు, రెండు చేతులకూ అందేలా చిన్న కత్తి పెట్టుకోండి. తాడు కోయడానికి. మరచిపోవద్దు, కత్తి.

గాజులు తీసేయండి. టోపీకి గడ్డం కింద పట్టీ ఉండాలి.

ఇక్కడ మూడో గది యంత్రం ఆగింది. రెండు రోజులు అదే పని. అందుకే ఆలస్యం.

మీ మరిది


ఆగస్టు 14

ప్రియమైన మరిదికి,

పది పూర్తయ్యాయి. ఎడమవైపు నుంచి మూడు. పదోసారి ఎక్కాక ఇస్త్రీ అక్క చప్పట్లు కొట్టి, "ఇంక మీ మరిదిని సర్టిఫికెట్ పంపమనండి. పంపడులెండి, దాని మీద మాటలు రాయాల్సొస్తుంది" అంది. అప్పుడు నవ్వొచ్చింది. నవ్వొచ్చిందని ఇంటికొచ్చాక గుర్తించాను.

గాలం కూడా వేశాను. రిజర్వాయరులోనే. రెండు గంటలకు వేలెడు చేప ఒకటి పడింది. దాని వైపు వంగలేదు. అది పడవ పొడవునా వచ్చింది, నా మొహం చూసింది, పోయింది.

ఒక సంగతి అడగాలి. నీ ఉత్తరాలు రెండూ ముందు పెట్టుకుని మళ్ళీ చదివాను. గాజుల గురించి రాశావు, టోపీ పట్టీ గురించి రాశావు. కత్తి గురించి రెండుసార్లు రాశావు. ఏ తాడు కోయడానికో రాయలేదు. పారే నీళ్ళలో ఒకచోట నిలబడి గాలం వేయాలంటే లంగరు కావాలి కదా. మీ ఇద్దరి దగ్గరా ఉండేవి. లంగరు గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకోటి. నిన్న పడవ కడుగుతుంటే కూర్చునే చోటికి పక్కన, కుడిచేతివైపు, అంచు మీద రెండు చుక్కలు కనిపించాయి. రంధ్రాలు పూడ్చి, నున్నగా రుద్ది, పైన పసుపు రంగు వేసి ఉంది. నీ పని కాబట్టి వేలితో తడిమితే తెలియదు. కానీ నేను ఇరవై ఆరేళ్ళు బోర్డులు రాసేవాడి పెళ్ళాన్ని. పసుపులో పసుపు కలవకపోతే నాకు తెలుస్తుంది. అది ఒక పిసరు నిమ్మపండు వైపు పోయింది.

ఇక్కడి హార్డ్‌వేర్ షాపతనికి చూపించాను. "ఇది తాడు బిగించే కొక్కెం చోటమ్మా. ఎవరో తీసేశారు. పాత రంధ్రాలే కాబట్టి తెరిచి అక్కడే కొత్తది బిగిస్తాను, చేతికి అందుతుంది కూడా" అన్నాడు. శనివారం రమ్మన్నాను. తర్వాతి ఆదివారం ఏటి మలుపుకు వెళ్దామనుకుంటున్నాను.

నువ్వేమంటావు?

మీ వదిన


ఆగస్టు 23

మరిదికి,

నీ నుంచి ఉత్తరం రాలేదు. గురువారం మధ్యాహ్నం డ్యూటీలో ఉండగా నా ఫోను మోగింది. లినెన్ గదిలో యంత్రాల మోతలో నాకు సరిగా వినబడలేదని బయటికి తీసుకొచ్చాను. "అక్కడ వద్దు" అన్నావు. "ఎక్కడ?" అన్నాను. "కుడివైపు వద్దు వదినా. ఎక్కడా వద్దు" అన్నావు. "ఎందుకు?" అన్నాను. నువ్వు ఊపిరి తీసుకుంటున్నావు. తర్వాత ఫోను పెట్టేశావు. ఈసారి సిగ్నల్ పోయిందని కూడా అనలేదు.

షాపతన్ని ఆగమన్నాను. వచ్చే ఆదివారం దాకానే. ఎందుకు వద్దో తెలిస్తే మానేస్తాను. తెలియకపోతే అందరూ కట్టుకున్నట్టే నేనూ కట్టుకుంటాను.

వదిన


ఆగస్టు 27

ప్రియమైన వదినగారికి,

దీన్ని పోస్టులో వేయకుండా మన ఊరి బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. రేపటికి మీకు అందాలి.

ఆ కొక్కెం నేను బిగించాను.

మొదట పడవ ముక్కు దగ్గర బిగించాను. లంగరు తాడు ముందు కొస నుంచో వెనక కొస నుంచో ఉండాలి. అప్పుడు పడవ నీటి వాలుకు నిలువుగా తిరిగి నిలబడుతుంది, నీరు రెండు పక్కల నుంచీ పోతుంది. నడుమ పక్కకు కడితే పడవ అడ్డం తిరుగుతుంది. పారే నీరంతా ఒక పక్కను నెడుతుంది, తాడు ఆ పక్క అంచునే కిందికి లాగుతుంది. ఒక చెంబెడు నీరు అంచు దాటితే మిగతాది ఆగదు. నేను ఇది పుస్తకం కొని చదివి తెలుసుకున్నాను. తెలియక చేసిన పని కాదు.

అన్న కుడిభుజం సంగతి మీకు తెలుసు. ఎత్తయిన బోర్డులు రాసి రాసి అది అరిగిపోయింది. ముక్కు దాకా వంగి తాడు లాగడం కష్టమయ్యేది. ఒక శనివారం వచ్చి, "చేతి పక్కన పెట్టరా" అన్నాడు. వద్దన్నాను, ఎందుకో చెప్పాను. వెళ్ళిపోయాడు. తర్వాతి శనివారం మళ్ళీ వచ్చాడు. "నువ్వు బిగిస్తావా, నన్నే వంకరగా బిగించుకోమంటావా?" అన్నాడు. ఇంకో మాట మాట్లాడాల్సింది. నేను మాట్లాడలేదు. డ్రిల్లు తీశాను.

లోపలివైపు స్టీలు పట్టీ వేసి, నాలుగు పొరల రబ్బరు పెట్టి బిగించాను. మనిషి వేలాడినా ఊడకూడదని బిగించాను. చేతకాని పని చేసి ఉంటే ఆ రోజు అది ఊడి వచ్చేది, అన్న ఉండేవాడు.

ఆ రోజు పైన ఎక్కడో గేట్లు ఎత్తారేమో, నీరు వడిగా ఉంది. నేను అరవై గజాలు కింద ఉన్నాను. ఎండ బాగుందని అన్న జాకెట్ విప్పి వెనక పెట్టుకున్నాడు. లంగరు రాళ్ళలో ఇరుక్కుంది. పక్కకు వంగి లాగాడు. పడవ అంచు నీళ్ళలోకి వెళ్ళడం నేను చూశాను. ఎంత మెల్లగా వెళ్ళిందంటే, ఏదో అందుకోవడానికి వంగాడనుకున్నాను. ఆయన అరవలేదు. తాడు మడమకు చుట్టుకుంది. నేను ఎదురు తెడ్డు వేసుకుంటూ వెళ్ళేసరికి ఎంతసేపయిందో తెలియదు. నీళ్ళలోకి దిగాను. ముడి దొరికింది. అది నేను నేర్పిన ముడి, తడిస్తే ఇంకా బిగుస్తుంది. నా వేళ్ళు వినలేదు. నా దగ్గర కత్తి లేదు.

పోలీసులు పడవ అదుపు తప్పిందని రాసుకున్నారు. అవును అన్నాను. పడవను మరమ్మతుకని అడిగి తీసుకెళ్ళి ఆ వారమే కొక్కెం తీసి రంధ్రాలు పూడ్చాను. పడవకు వేరే మరమ్మతేమీ లేదు. అమ్మ మొహం చూడలేక ఈ ఊరు వచ్చాను.

రోజూ నీటి సంగతి రాసుకునే పుస్తకం ఒకటి నాకుంది. ఆ రోజు పేజీలో ఇలా ఉంది. "పడమటి గాలి. నీరు చల్లన, వడి ఎక్కువ. చేపలు లేవు." అంతే రాశాను. ఆ సాయంత్రం కూర్చుని, అక్షరాలు కుదురుగానే రాశాను. ఇప్పుడు చూస్తే ఎవరో రాసినట్టుంది.

లంగరు వద్దు వదినగారూ. పారే నీళ్ళలో మొదటి ఏడాది అసలే వద్దు. ఇంకేమైనా అనాలనుకుంటే అనండి.

మరిది


సెప్టెంబరు 2

ప్రియమైన మరిదికి,

నీ ఉత్తరం డ్రైవరు లినెన్ గదికే తెచ్చిచ్చాడు. మడతపెట్టిన దుప్పట్ల దొంతర మీద పెట్టి, నిలబడి చదివాను.

ముందు ఒక అబద్ధం ఒప్పుకోవాలి. హార్డ్‌వేర్ షాపతను లేడు. షాపుంది, నేను వెళ్ళలేదు. శనివారం రమ్మన్నదీ లేదు, ఆగమన్నదీ లేదు. నీ నోట రప్పించడానికి కల్పించాను.

ఆ రంధ్రాలు నేను పడవ కడుగుతూ చూసినవి కావు. వ్యాను అతను పడవను దించిన రోజే, వరండాలోనే, ముందు ఆ చోటే వెతికాను.

ఆ ఆదివారం నాకు డ్యూటీ ఉంది. క్యాజువాలిటీ నుంచి తెల్ల దుప్పటి కావాలని ఫోనొచ్చింది. కొత్తది తీసి, మడత విప్పి దులిపి, నేనే ఇచ్చాను. ఎవరికని అడగలేదు, మేము అడగం. పది నిమిషాలకు నన్ను పిలిచారు. నడవాలో రెస్క్యూ బోటు మనుషులు తడి ప్యాంట్లతో నిలబడి ఉన్నారు. నేనెవరో వాళ్ళకు తెలియదు. ఒకతను ఇంకొకతనితో అంటున్నాడు, "లంగరు పక్కకి కట్టుకున్నాడ్రా. అలా ఎవడైనా కడతాడా?" అని. అప్పుడే నాకు అర్థమైంది. నువ్వు ఇంకో గదిలో దుప్పటి కప్పుకుని కూర్చున్నావు. నా దగ్గరికి వస్తావేమోనని చూశాను. నువ్వు రాలేదు, నేనూ రాలేదు.

ఇప్పుడు నీకు తెలియని సంగతి.

ఆ కొక్కెం చేతి పక్కన ఉండాలన్నది మీ అన్న ఆలోచన కాదు. ఆయనకు అది తోచనే లేదు. ఆదివారం ఏటి నుంచి రాగానే భుజానికి వేడి నీళ్ళ సంచీ పెట్టేది నేను. రెండు వారాలు పెట్టి విసిగిపోయాను. "అంత దూరాన పెట్టించుకోవడమేమిటి? చేతి పక్కన పెట్టమను" అన్నాను. మొదటి శనివారం నీ దగ్గరి నుంచి తిరిగొచ్చి, "మూగరేడియో వద్దంటున్నాడే, నీళ్ళు తోస్తాయట" అన్నాడు. నేను చపాతీలు కాలుస్తున్నాను. తల తిప్పకుండా, "మీ మూగరేడియో భుజం బాగుంది, వాడికేం తెలుస్తుంది నొప్పి? వాడు బిగించకపోతే మీరే బిగించుకోండి" అన్నాను. నీకు చెప్పిన ఆ వంకర మాట ఆయనది కాదు. నేను చెప్పి పంపింది.

నీ పని గట్టిదన్నావు. నా మాటా గట్టిదే.

మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నానని అడుగు. నువ్వు చెబుతావని చూశాను. నువ్వు చెబితే, తప్పు నీదని నువ్వే ఒప్పుకుంటే, నా మాట నా దగ్గరే ఉండిపోతుందనుకున్నాను. నేర్పమని అడిగింది కూడా అందుకే. పాఠాలు చెబుతూ చెబుతూ ఎక్కడో ఒకచోట జారుతావని. రెండు ఉత్తరాల్లో నువ్వు అన్నీ చెప్పి ఆ ఒక్కటీ దాటేశావు. నిన్ను లాగడానికి అబద్ధమాడాను. నువ్వు ఫోను చేసి "ఎక్కడా వద్దు" అన్నప్పుడు తెలిసింది, నువ్వు నీ గురించి కాదు భయపడింది. నీ గొంతు అలా ఉంటుందని నాకు తెలియదు.

ఉత్తరం వచ్చాక అనుకున్నట్టే నా పని అయిపోవాలి. కాలేదు. నాలుగు రోజులు తిరిగాను. నా వాటా చెప్పానని నీది తగ్గదు. నీకు తెలిసీ డ్రిల్లు తీశావు, అది నీదే. నిన్ను ఏమీ అనను, క్షమించాననీ రాయను. నాకు కూడా నువ్వు అలాంటి మాట రాయవద్దు. ఇంకో వారంలో రాద్దామని కూర్చున్నావేమో, మానెయ్.

పడవ నేర్చుకోవడం మాత్రం అబద్ధం కాలేదు. అది ఎలా జరిగిందో నాకే తెలియదు. నిన్న ఏటి మలుపుకు వెళ్ళాం, ఇస్త్రీ అక్క, నేను. జాకెట్, ఈల, కత్తి. లంగరు లేదు. నీరు తగ్గి ఉంది, మెల్లగా పోతోంది. గాలం వేయలేదు. మలుపు దాకా వెళ్ళి చూశాను. రెండు వైపులా రాళ్ళు, ఒక పంపుసెట్టు గది, దాని మీద మీ అన్న రాసిన బోర్డు. 'లోతు ఎక్కువ. దిగరాదు.' ఎరుపు వెలిసిపోయింది. అది ఆయన రాసిందని నాకెప్పుడూ చెప్పలేదు. నీకు తెలుసా? చూసి తిరిగొచ్చేశాను. ఒడ్డుకు వచ్చేసరికి చేతులు చల్లబడి నొప్పి పుట్టాయి. చాలా నొప్పి. ఆ నొప్పి నాదే.

ఇంక మిగిలింది ఒకటే. అత్తయ్యకు ఏమీ తెలియదు. పడవ అదుపు తప్పిందనే అనుకుంటోంది. తన కొడుక్కే చేతకాలేదనుకుంటోంది. పక్కింటావిడతో "మావాడికి చిన్నప్పటి నుంచీ నిలకడ లేదు" అంటుంటే నిన్న విన్నాను. అది వినలేకపోయాను. నీ సంగతీ నా సంగతీ ఎలా ఉన్నా, ఆయనకు ఆ మాట పడకూడదు.

వచ్చే ఆదివారం రా. గదుల్లో చలి ఒక రోజు ఇంకెవరైనా రాసుకుంటారు. ఇద్దరం ఆవిడ ముందు కూర్చుని చెబుదాం. కొక్కెం ఎవరు పెట్టమన్నారు, ఎవరు పెట్టారు, మొత్తం. ఎవరు ముందు చెప్పాలని వాదించుకోవద్దు, నేనే ముందు చెబుతాను, నీకు మాటలు అందేసరికి పొద్దుపోతుంది. ఆవిడ తిడుతుంది. ఈ పది నెలల్లో ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ గట్టిగా తిట్టలేదు. గిన్నెలు విసరచ్చు. నువ్వు "ఆఁ" అనకుండా కూర్చో, చాలు.

పదింటికల్లా రా. ఆవిడ చెవి మిషనుకు కొత్త బ్యాటరీ నేను వేసి ఉంచుతాను.

మీ వదిన